రెండు గ్రాఫిక్సు కార్డుల తారతమ్యము



మా తిరుపతి, చిత్తూరు సీమలలో నేడు ఇంజనీరింగు చదువు చదువుచున్న బిడ్డ లేని ఇల్లు అరుదు. ఆ బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చి, "కంప్యూటరులో వేసేదానికి గ్రాఫిక్స్ కార్డు కావల్ల, ముప్పైవేలు అవుతుంది" అని అడిగినప్పుడు, ఆ సొమ్ముతో నాలుగు గొఱ్ఱెలు వచ్చునే యని ఇంటి పెద్ద నిట్టూర్చును. అది ఆటలకొఱకే యని కొందఱు త్రోసిపుచ్చుదురు. ఏమియు అడుగక ఇచ్చివేయువారును కలరు. నేను ఈ మూడును చేసినవాడనే. ముప్పదియేండ్లు బడిపిల్లలకు వ్యాకరణము, లెక్కలు చెప్పినవాడను గాన, పిమ్మట సిగ్గుపడి, ఆ వస్తువు ఏమో, ఒకదానికి మఱొకదానికి భేదమేమో మా మనుమరాలి యొద్ద శిష్యుడనై తెలిసికొంటిని. ఆ తెలిసికొన్నదానిని నేడు మీకు విన్నవించుచున్నాను.

కంప్యూటరు తెర యనగా చుక్కల ముగ్గు. సాధారణమగు తెరలో అడ్డముగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు. గుణించి చూడుడు: 20,73,600. బొమ్మ తడబాటు లేక కదలుచున్నట్లు కంటికి తోపవలెనన్న, సాధారణముగా ఈ చుక్కలన్నింటికిని సెకనుకు అఱువది మాఱులు రంగు నిర్ణయింపవలెను. అనగా సెకనుకు 12,44,16,000 నిర్ణయములు. ఒక్కొక్క నిర్ణయమునకు వెనుక పెక్కు లెక్కలు. కంప్యూటరులోని ప్రధానయంత్రమును ప్రాసెసరు అందురు. అది అష్టావధాని వంటిది. సమస్యాపూరణము, నిషిద్ధాక్షరి, ఘంటాగణనము, అప్రస్తుతప్రసంగము, ఏది ముందు ఏది వెనుక అను వివేకముతో ఎనిమిది దిక్కుల నుండి వచ్చు పనిని సమర్థించును. కాని అవధాని గారిని పిలిచి, పండ్రెండు కోట్ల కూడికలు చేయుడని కూర్చుండబెట్టిన ఆయన విద్య వ్యర్థమగును. ఆ పనికి మూడువేల మంది రెండవ తరగతి పిల్లలు కావలెను. వారిని బయలున వరుసగా కూర్చుండబెట్టి, పలకకు ఒక లెక్క చొప్పున ఇచ్చి, బెత్తము తట్టినప్పుడెల్ల అందఱును ఒక్కసారిగా వ్రాయునట్లు చేసినచో, అదియే గ్రాఫిక్సు కార్డు. ఏ పిల్లవాడును పండితుడు కాడు. అందఱును కలిసి చేయు పని మాత్రము పండితునికి అసాధ్యము.

ఈ కార్డులకు పేరుపడిన ఎన్విడియా కంపెనీ 1993లో అమెరికా దేశపు కాలిఫోర్నియాలో పుట్టినది. మొదట ఇవి ఆటల బొమ్మలకే ఉద్దేశింపబడినవి. 2006–07 ప్రాంతమున ఆ కంపెనీ కూడా అను సాధనమును వెలువరించిన పిదప, బొమ్మలతో ప్రమేయము లేని లెక్కలను గూడ ఆ మూడువేల పిల్లల చేత చేయించుటకు వీలు కలిగినది. నేడు యంత్రములకు చదువు చెప్పుట యను పని చాలవఱకు ఈ పలకలపైననే సాగుచున్నది. మా ఇంటికి ఇది వచ్చిన దారియు అదియే.

మా తాతగారు వైద్యులు. ఆయన విడిచిపోయిన తాటాకుల కట్ట యొకటి మా ఇంటి అటుకపై ఉండెను. యోగములు, అనుపానములు, పథ్యములు తెలుగు లిపిలో వ్రాసిన గ్రంథము. ఉద్యోగ విరమణానంతరము నేను దానిని నోటుపుస్తకములోనికి ఎత్తి వ్రాయ నారంభించి, తొంబది ఆకులు ముగించితిని. అంతలో రెండు కన్నులకును శుక్లములు వచ్చినవి. శస్త్రచికిత్స అయినది; చూపు వచ్చినది గాని, ఘంటపుగీతను గంటలకొలది చూచు ఓపిక రాలేదు. మిగిలిన ఆకులు పురుగులకు పోవుచున్నవి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలో వేలకొలది తాళపత్రములు భద్రముగా నున్నవి. అటుకలపై నున్నవాటి గతి వేఱు. తిరుపతిలో ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు 2023లో దీపావళికి వచ్చి ఆ కట్టను చూచి, "తాతా, నువ్వు రాసిన ఆకులు చూపించి, మిగతావి చదివేదానికి కంప్యూటరుకు నేర్పిస్తా" అన్నది. అందులకు కార్డు కావలెను. అంగడిలో రెండు చూచివచ్చినది. రెండును ఎన్విడియా వారివే. ఒకటి ఆర్టీఎక్స్ 3060, మఱొకటి ఆర్టీఎక్స్ 4060.

నేను వెంటనే తీర్పు చెప్పితిని. 3060 వచ్చినది 2021 ఫిబ్రవరిలో; 4060 వచ్చినది 2023 జూన్‌లో. మూడుకంటె నాలుగు పెద్దది. పైగా అమెరికాలో విడుదలనాటి వెల మొదటిదానికి 329 డాలర్లు, రెండవదానికి 299 డాలర్లే. క్రొత్తది, పెద్దది, చవుకయైనది ఉండగా పాతదానిని కొనువాడెవ్వడు? మనుమరాలు నవ్వి, "నంబరు చూసి కొనేదానికి ఇదేమన్నా లాటరీ టికెట్టా తాతా?" అని, రెండింటి లక్షణపత్రములను నా ముందు పెట్టినది. లక్షణగ్రంథము చేతికి వచ్చిన తరువాత పండితుడు మౌనముగా ఉండలేడు గదా. కాగితము, పెన్సిలు తీసికొంటిని.

మొదట పిల్లల సంఖ్య. 3060లో 3,584 మంది. 4060లో 3,072 మంది. క్రొత్తదానిలో తక్కువ! అయితే బెత్తము తట్టు వేగము వేఱు. 3060లో గరిష్ఠముగా సెకనుకు 177.7 కోట్ల తట్లు, 4060లో 246 కోట్ల తట్లు. ఒక్కొక్క తట్టుకు పిల్లవాడు ఒక గుణకారమును ఒక కూడికయు, అనగా రెండు పనులు చేయును. హెచ్చవేసి చూచిన, 3060కు సెకనుకు 12.7 లక్షల కోట్ల లెక్కలు, 4060కు 15.1 లక్షల కోట్ల లెక్కలు వచ్చినవి. క్రొత్తది సుమారు ఐదవ వంతు అధికము. ఆటలలో గూడ సామాన్యమగు తెరపై వాటి భేదము ఇంచుమించు అంతేయని పరీక్షించినవారు వ్రాసిరి. ఇంతవఱకు నా తీర్పే నిలిచినది.

వేగమునకు కారణము శిల్పము. 3060 హృదయమును కొరియా దేశపు శాంసంగు వారు చేసిరి. 4060 హృదయమును తైవాను ద్వీపమున టీఎస్ఎంసీ వారు చేసిరి. మొదటిది 276 చదరపు మిల్లీమీటర్లు, అందు 1,200 కోట్ల ట్రాన్సిస్టరులు. రెండవది 159 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే, అందు 1,890 కోట్లు. ఈ రెండు తరముల పేర్లును తెలియదగినవి. 3060 తరమునకు ఆంపియరు అని పేరు. ఆయన ఫ్రాన్సు దేశపు విద్యుచ్ఛాస్త్రజ్ఞుడు (1775–1836). బోరు మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుచున్నదని మన రైతులు దినదినము స్మరించునది ఆయన నామమే. 4060 తరమునకు ఏడా లవ్‌లేస్ అని పేరు. ఈమె ఆంగ్లకవి బైరను కుమార్తె (1815–1852). బాబేజి అను విద్వాంసుడు ఊహించిన గణకయంత్రమును గూర్చి 1843లో మూలముకంటె పెద్దదగు వ్యాఖ్యానమును వ్రాసి, ఇట్టి యంత్రము అంకెలనే కాక సంగీతమును గూడ కూర్పవచ్చునని సూచించినది. మూలముకంటె టీకకు ఖ్యాతి వచ్చుట మన శాస్త్రములలోను కలదు గాన, నాకీమెయందు గౌరవము కలిగినది.

ఇక రెండవ లక్షణము దారి. దీనిని చెప్పుటకు మా చిత్తూరు మామిడి చాలును. జూన్, జూలై నెలలలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి, ఒక్కొక్కప్పుడు రేయింబవళ్లు నిలిచియుండుట మీరెఱుగుదురు. లోపలి యంత్రము గంటకు ఎన్ని టన్నులు పిండగలదన్నది ఒక మాట. గేటు గంటకు ఎన్ని బండ్లను లోనికి విడువగలదన్నది మఱొక మాట. గేటు ఇఱుకైనచో యంత్రము ఊరక తిరుగును. కార్డులో పిల్లలకును, లెక్కల సామగ్రిని దాచు జ్ఞాపకశాలకును నడుమ ఇట్టి గేటు కలదు. 3060లో దాని వెడల్పు 192 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గాన, ఒక్క విడతకు 24 బైట్లు. ఒక్కొక్క తీగెపై సెకనుకు 1,500 కోట్ల విడతలు. వెరసి సెకనుకు 360 గిగాబైట్లు. 4060లో వెడల్పు 128 బిట్లే, అనగా 16 బైట్లు. విడతలు 1,700 కోట్లు. వెరసి 272 గిగాబైట్లు. ఇచ్చట క్రొత్తది పాతదానికంటె నాలుగవ వంతు తక్కువ. నేను లెక్క తప్పితినేమోయని మఱల చేసితిని. తప్పలేదు.

ఇట్లేల చేసిరి? వారికిని ఒక యుక్తి కలదు. గేటు తగ్గించి, లోపల చిన్నకొట్టు పెంచిరి. ఇల్లాలు పప్పుకొఱకు మాటిమాటికి గాదెకు పోక, వారమునకు సరిపడునది వంటయింటి డబ్బాలో ఉంచుకొనునట్లు, పిల్లల చెంతనే ఉండు ఈ కొట్టును క్యాష్ అందురు. రొక్కముతో దీనికి సంబంధము లేదు. 3060లో అది 3 మెగాబైట్లు, 4060లో 24 మెగాబైట్లు. ఆటలలో ఒకే సామగ్రి పదేపదే కావలసియుండును గాన ఈ యుక్తి చక్కగా పాఱును. డబ్బాలో లేనిది కావలసినప్పుడు మాత్రము మఱల ఆ ఇఱుకు గేటే గతి.

ఇంక జ్ఞాపకశాల, అనగా గాదె. 3060కు 12 గిగాబైట్లు. 4060కు 8 గిగాబైట్లు. రెండేండ్లు గడచి క్రొత్తది వచ్చుచు, గాదె మూడవ వంతు తగ్గి వచ్చినది. కాగితముపై ఈ అంకెను నేను లెక్కచేయలేదు. ఎనిమిది చాలదా యని, మనుమరాలి మాట త్రోసి, క్రొత్త తరమువైపే మొగ్గితిని. పింఛనుసొమ్ము నాది గదా అను అహంకారమును కొంత ఉండెను. ఆమె వాదింపక, "కొనేముందు చూసుకుందాం తాతా" అని నన్ను తిరుపతికి పిలుచుకొనిపోయినది. అచ్చట మా రెండవ కుమార్తె కొడుకు కంప్యూటరులో 4060 కలదు. అతడు దానిని ఆటలకొఱకు కొన్నాడు. ఆ సంగతి దాచడు.

తాటాకు అడుగుకు మించిన పొడవు, రెండు వ్రేళ్ల వెడల్పు. పదమునకు పదమునకు నడుమ సందు ఉండదు. దానిని తేటగా పటము తీసిన, ఆ పటము మిక్కిలి పెద్దదగును. మనుమరాలు అచ్చుతెలుగు చదువనేర్చిన ఒక నమూనాను తీసికొని, నేను ఎత్తి వ్రాసిన తొంబది ఆకులలో డెబ్బదింటిని దానికి పాఠముగా ఇచ్చి, ఇరువదింటిని పరీక్షకై దాచినది. గురువునకు తెలిసి శిష్యునికి తెలియని ప్రశ్నలుండవలెనను ఈ పద్ధతి నాకు నచ్చినది. మొదట చిన్న పటములతో పాఠము నడపిరి. 4060 చెంగున పఱుగెత్తినది. నేను మీసము దువ్వుకొంటిని. పిమ్మట పూర్తి పటములను ఎక్కించిరి. యంత్రము కొన్ని క్షణములు గర్జించి, మెమరీ చాలదని తెరపై వ్రాసి, నిలిచిపోయినది.

పటములను కుదించిన చాలునుగదా యని మనుమడు అన్నాడు. కుదించిరి. పని సాగినది, ఫలితమును నేను చూచితిని. మన ప్రాచీనుల భిన్నములు గుఱుతున్నవా? నిలువుగీత యొకటి పాతిక, రెండు అర, మూడు ముప్పాతిక, అడ్డగీత వీసము. మా తాతగారి గ్రంథము వైద్యగ్రంథము. ప్రతి యోగమునందును ఈ గీతలే తూకములు. కుదించిన పటములో పక్కపక్కన ఉండు మూడు గీతలు కలిసి రెండయినవి, ఒకచోట ఒకటియే అయినది. అందు రసభస్మము గల యోగములును కలవు. ముప్పాతికకు పాతిక చదివిన అది మందు కాదు. పాతికకు ముప్పాతిక చదివిన అది విషము. నేటి దినములలో ఆ యోగములను ఎవ్వరును చూచి చేసికొనరాదు, అది వేఱు విషయము. కాని తప్పుచదువుతో గ్రంథమును రక్షించితినని చెప్పుకొనుటకంటె పురుగులకు విడుచుటయే మేలని నాకు తోచినది. పటమును ముక్కలుగా కోసి ఎక్కించు ఉపాయమును చేసిచూచిరి. కోసినచోట వత్తులు పై ముక్కలో సగము, క్రింది ముక్కలో సగము పడినవి. ఒక్కొక్క ఆకునే ఎక్కించుచు, నెమ్మదిగా నడపు మార్గములు కలవని మనుమరాలు చెప్పినది గాని, వాటితో క్రొత్తదాని వేగమంతయు హరించిపోవును.

మఱునాడు ఆమె కళాశాల స్నేహితురాలి ఇంట 3060 పై అదే పనిని నడపిరి. చిన్న పటములలో అది వెనుకబడినది. నా పెన్సిలు లెక్క చెప్పినట్లే. పూర్తి పటములను మాత్రము గాదెలో ఇముడ్చుకొని, మెల్లగా, నిలువక చదువుకొనుచు పోయినది.

మనుమనికి న్యాయము చేయవలెను. అతని పనికి 4060 సరియైనదే. అతడు నాకొక ఆటను చూపెను. క్రొత్త తరమునకు ఉన్న విద్య యొకటి కలదు: రెండు నిజమైన చిత్రముల నడుమ యంత్రము తానే ఒక చిత్రమును కల్పించి చొప్పించును. అందుచేత కదలిక నూనెవలె సాగును. పురాణములలో ప్రక్షిప్తశ్లోకములవలె, కథ చెడకుండ అతికినచో ఎవ్వరును గుర్తింపరు. ఆటకు అది శోభయే. తాటాకు చదువుటకు మాత్రము అక్కఱ లేదు. వీడియోలను ఏవీ1 అను నూతన పద్ధతిలో కూర్చు నేర్పును 4060కే కలదు. పెండ్లి వీడియోలు చేయువారికి అది ఉపయోగపడవచ్చును.

విద్యుత్తు మాటలో గూడ క్రొత్తదే గెలుచును. 3060 నిండుపనిలో 170 వాట్లు త్రాగును. 4060కు 115 వాట్లు చాలును. భేదము 55 వాట్లు. దినమునకు ఐదుగంటలు నిండుగా పనిచేసిన నెలకు ఎనిమిది యూనిట్ల పైచిలుకు. మా ఇంటి బిల్లులో అది పెద్ద భారము కాదు. వైశాఖమాసములో, ఆ గదిలో కూర్చుండువారికి మాత్రము తెలియును.

కొనుటకు అంగడికి పోయినప్పుడు మఱొక సంగతి బయటపడినది. 3060 అను పేరుతోనే 2022 చివరలో 8 గిగాబైట్ల గాదె గల కార్డు నొకదానిని విడుదల చేసిరి. దాని గేటు 128 బిట్లే. సెకనుకు 240 గిగాబైట్లే. పెట్టెపై పేరు అదే, పిల్లల సంఖ్యయు అదే. అంగడివాడు మాకు మొదట దానినే చూపెను. ఎఱుగక చూపెనో, ఎఱిగి చూపెనో నేను చెప్పజాలను. ల్యాప్‌టాపులలో 3060 అని వచ్చునది 6 గిగాబైట్లదే. ఒకే పేరు ముగ్గురు సోదరులకు పెట్టిన ఇంటిలో ఉత్తరములు తాఱుమాఱగునట్లున్నది ఈ వ్యవహారము. కావున పెట్టెపై పేరును గాక, గాదె ఎన్ని గిగాబైట్లో చదివి కొనుడు.

పాతసరకు విషయములో ఇంకను జాగ్రత్త వలయును. ఈథీరియము అను డిజిటలు నాణెమును త్రవ్వుటకు లోకమంతట ఈ కార్డులను రాత్రింబవళ్లు తిప్పిరి. 2022 సెప్టెంబరులో ఆ నాణెము పద్ధతి మాఱి, కార్డులతో పని లేకపోగా, తిప్పి తిప్పి విడిచిన కార్డులు అంగళ్లకు వచ్చినవి. సంతలో ఎద్దు పండ్లు చూచినట్లు వీటి ఫ్యాను తిరుగుడు, దుమ్ము, కాగితములు చూడవలెను. మేము క్రొత్తదియే, 12 గిగాబైట్లదియే, రసీదుతో కొంటిమి. 16 గిగాబైట్లు గల 4060 టీఐ అను కార్డు గూడ 2023 జూలైలో వచ్చినది. విడుదలనాటి వెల 499 డాలర్లు. నా పింఛను అంత దూరము పోలేదు. అటు తరువాత 2025 మే నెలలో 5060 వచ్చినది. దాని గేటు మిక్కిలి వెడల్పయినట్లే. గాదె మాత్రము మఱల 8 గిగాబైట్లే. నేనైతే ఈ లోభమును మెచ్చుకొనను.

కార్డును అమర్చిన తరువాత పాఠము రేయింబవళ్లు సాగినది. నడుమ రెండుమాఱులు కరెంటు పోయి, రెండుమాఱులు మొదటినుండి కాకుండ, నిలిచినచోటినుండి సాగునట్లు మనుమరాలు ఏర్పాటు చేసికొన్నది. పిదప దాచిన ఇరువది ఆకుల పరీక్ష జరిగినది. యంత్రము చదువుచుండ, నేను నోటుపుస్తకము పట్టుకొని, పూర్వము బడిలోవలె తప్పులు దిద్దుచు కూర్చుంటిని. తప్పులు చాల చేసినది. ద, ధ లకు భేదము చూడదు; అరసున్నను పురుగురంధ్రమనుకొన్నది, పురుగురంధ్రమును సున్న యనుకొన్నది. ఎఱ్ఱసిరా బాగుగనే ఖర్చయినది.

పదునొకండవ ఆకులో ఒక కషాయమునకు శొంఠి తూకమును అది ముప్పాతిక యని చదివినది. నా పుస్తకములో అర యని యున్నది. నేను తప్పు గుర్తు పెట్టితిని. మనుమరాలు ఊరుకొనక ఆకును తెప్పించి, దీపపుమసిని నూనెలో రంగరించి గీతలపై రాచి, మెత్తని గుడ్డతో తుడిచి, భూతద్దమును నా చేతికిచ్చినది. మూడు నిలువుగీతలున్నవి. మూడవది సన్నగా, ఆకు పీచును ఆనుకొని ఉన్నది. శుక్లములు ముదిరిన యేడాది నేను దానిని పీచే యనుకొంటిని. అదే పుస్తకములో, అదే ఎఱ్ఱసిరాతో, అర కొట్టివేసి ముప్పాతిక యని వ్రాసికొంటిని. తక్కిన డెబ్బదితొమ్మిది ఆకులలో నేను ఎత్తి వ్రాసిన తూకములన్నింటిని ఇప్పుడు మూలముతో మఱల సరిచూచుచున్నాను. నలువదియైదవ ఆకు వఱకు వచ్చితిని.